బీరువా కొత్తదే, తాళంచెవి ఎక్కడ?

డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, అందులో వచ్చే ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేని రూపంలోకి డేటాను మార్చే) సదుపాయాన్ని వాడుకోవడం గురించి ఈ నెల ఐదు ఉత్తరాలు అందాయి. గుంటూరు ఉత్తరానికి జవాబు కాస్త పొడవైనది. మిగతావారు కూడా ముందు దాన్ని చదివి, ఆ తర్వాత తమ జవాబు చూసుకుంటే మంచిది.

ప్రశ్న: మాది రోగనిర్ధారణ పరీక్షల ల్యాబ్. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, పరీక్షల ఫలితాలు అన్నీ మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 స్టాండర్డ్ ఎడిషన్‌లో ఉన్నాయి. డేటాబేస్ 60 జీబీ దాటింది. కొత్త వెర్షన్‌కు మారితే డేటా అంతా దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుందని, ఇక ఎవరూ దొంగిలించలేరని, కొత్త చట్టం ప్రకారం ఇది తప్పనిసరి అని చెబుతూ మా సాఫ్ట్‌వేర్ చూసేవారు 2017 స్టాండర్డ్‌కు కొటేషన్ ఇచ్చారు. మారమంటారా?
— ల్యాబ్ నిర్వాహకుడు, గుంటూరు

జవాబు: మారమనే నేనూ చెబుతాను. అయితే ఆ కొటేషన్‌లో ఉన్న వెర్షన్‌కు మాత్రం వద్దు. మారడానికి వారు చెప్పిన కారణం కూడా సగమే సరైనది.

ముందు వెర్షన్ సంగతి తేల్చుకుందాం. మీకు కావలసిన సదుపాయం పేరు ట్రాన్స్‌పరెంట్ డేటా ఎన్‌క్రిప్షన్. ఈ పని చేసేవారంతా టీడీఈ అనే అంటారు. ఇది 2008 వెర్షన్‌లోనే వచ్చింది గానీ, ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కొన్నవారికే దక్కింది. మీరు వాడే స్టాండర్డ్ ఎడిషన్‌లోకి అది వచ్చింది 2019 వెర్షన్‌తోనే. మధ్యలో వచ్చిన 2014, 2016, 2017 స్టాండర్డ్ ఎడిషన్లలో టీడీఈ లేదు. కాబట్టి మీరు 2017 స్టాండర్డ్ కొంటే డబ్బూ ఖర్చవుతుంది, సర్వరూ మారుతుంది, సిబ్బంది నాలుగు రోజులు ఇబ్బందీ పడతారు, తీరా చూస్తే డేటాకు మాత్రం తాళం ఉండదు. ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లోనైతే 2019లోనూ లేదు, 2022లోనూ లేదు. అందువల్ల కొటేషన్‌లో వెర్షన్ సంవత్సరంతో పాటు ఎడిషన్ పేరు కూడా రాయించుకోండి. కొత్తగా లైసెన్స్ కొంటున్నారు కాబట్టి 2019 కన్నా 2022 మేలు. మైక్రోసాఫ్ట్ మద్దతు మొదటిదానికి 2030 జనవరి వరకు, రెండోదానికి 2033 జనవరి వరకు ఉంటుంది.

ఈ తాళం దేనికి పడుతుందో తెలియాలంటే, తాళం లేకపోతే ఏమవుతుందో మీ కళ్లతో మీరే చూడండి. కంప్రెస్ చేయని పాత బ్యాకప్ ఫైలు ఒకటి తీసుకుని, పెద్ద ఫైళ్లను తెరవగల టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. తెర నిండా అర్థంకాని గుర్తులే ఉంటాయి. ఓపికగా కిందికి జరుపుతూ వెళితే వాటి మధ్య నుంచి రోగుల పేర్లు, పంపిన డాక్టర్ల పేర్లు, వీధుల పేర్లు బయటపడతాయి. ఇంగ్లీషులో నమోదైన పేర్లు కొన్నిచోట్ల అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీతో కనిపిస్తాయి. యూనికోడ్ కాలమ్‌లో ఒక్కో అక్షరం రెండు బైట్లు తీసుకోవడమే దానికి కారణం. నిజానికి దొంగకు ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ ఉచితంగా దొరుకుతుంది. మీ బ్యాకప్‌ను తన ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసుకున్నవాడు, అంటే దాని నుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టుకున్నవాడు, ఆ ల్యాప్‌టాప్‌కు తానే అడ్మినిస్ట్రేటర్ కాబట్టి, మీ సర్వర్‌కు మీరు పెట్టుకున్న పాస్‌వర్డు ఊసే అక్కడ రాదు.

టీడీఈ అడ్డుకునేది సరిగ్గా ఇదే. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాను 8 కేబీ పేజీలుగా డిస్క్ మీద దాచుకుంటుంది. టీడీఈ పెట్టాక ప్రతి పేజీ డిస్క్‌కు వెళ్లేముందు ఎన్‌క్రిప్ట్ అవుతుంది, మెమరీలోకి వచ్చేటప్పుడు మళ్లీ మామూలు రూపానికి వస్తుంది. మార్పులను నమోదు చేసే లాగ్ ఫైలుకూ, సర్వర్ తాత్కాలికంగా వాడుకునే టెంప్‌డీబీకీ ఇదే పద్ధతి. బ్యాకప్ కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే బయటికి వస్తుంది. మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను కూడా మార్చనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఎత్తుకుపోయినవాడికీ, సర్వర్‌లోంచి హార్డ్ డిస్క్ ఊడదీసుకుపోయినవాడికీ మిగిలేది చెత్తే.

అయితే ‘ఇక ఎవరూ దొంగిలించలేరు’ అన్న మాట నమ్మకండి. సర్వర్ నడుస్తున్నంతసేపూ, లాగిన్ ఉన్న ప్రతివారికీ డేటా మామూలుగానే కనిపిస్తుంది. రిసెప్షన్‌లో అందరూ వాడుకునే ఒకే యూజర్‌నేమ్, మానిటర్ అంచున కాగితం మీద అంటించిన పాస్‌వర్డు ఉన్నచోట టీడీఈ చేయగలిగింది ఏమీ లేదు. ఎక్సెల్‌లోకి దించిన జాబితాలకు, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ రిపోర్టులకు, సర్వర్ నుంచి కౌంటర్ కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీదుగా వెళ్లే డేటాకు దీనితో సంబంధం లేదు. రాన్సమ్‌వేర్‌ను (ఫైళ్లను బిగించి డబ్బు గుంజే వైరస్‌ను) కూడా ఇది ఆపదు. మీరు తాళం వేసిన పెట్టెకు దాన్ని పంపినవాడు పైనుంచి ఇంకో తాళం వేసి డబ్బు అడుగుతాడు, అంతే.

చట్టం విషయానికి వస్తే, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. వ్యక్తిగత డేటాను కాపాడేందుకు తగిన భద్రతా చర్యలు తీసుకోవాలని అది చెబుతుంది. తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది. 2025 నవంబరులో వెలువడిన నియమాలు ఆ చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ను పేరుపెట్టి చెప్పాయి. వాటిలో సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల వ్యవధి తర్వాత అమలులోకి వస్తాయి. కానీ అదే నియమాలు డేటాను ఎవరు చూడవచ్చో అదుపు చేయమని, ఎవరు ఎప్పుడు చూశారో తెలిపే లాగ్‌లను ఏడాది పాటు దాచమని కూడా చెబుతున్నాయి. టీడీఈ ఆ రెండు పనులూ చేయదు. అందువల్ల చట్టం పేరు చెప్పి ఒక్క సదుపాయాన్ని అమ్మజూపడం సరైన పద్ధతి కాదు.

మీరు మారవలసిన అసలు కారణం వేరే ఉంది. 2012 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2022 జులై 12తో ముగిసిపోయింది. ఆ తర్వాత బయటపడిన భద్రతా లోపాలకు మీ సర్వర్‌కు మందు అందడం లేదు. ఎన్‌క్రిప్షన్ రాకపోయినా ఈ ఒక్క కారణం చాలు.

మారడంలో ఉండే పని గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 2019గానీ 2022గానీ నడవాలంటే విండోస్ సర్వర్ 2016 లేదా ఆ తర్వాతిది ఉండాలి. మీ పాత సర్వర్‌లో విండోస్ 2008 ఆర్2 ఉంటే దాని లైసెన్స్, చాలాసార్లు యంత్రం కూడా, ఈ లెక్కలోకి వస్తాయి. ఉన్న సర్వర్ మీదే కొత్త వెర్షన్ ఎక్కించవద్దు. పక్కన కొత్త సర్వర్ పెట్టి, అందులో బ్యాకప్‌ను రీస్టోర్ చేసి, పాతదాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచండి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు కాబట్టి, వెనక్కి రావలసివస్తే మీకు మిగిలే దారి ఆ పాత సర్వరే. బ్యాకప్‌తో పాటు లాగిన్‌లు రావు, రాత్రి పూట దానంతటదే బ్యాకప్ తీసే జాబ్‌లు రావు; అవి ఉండే డేటాబేస్‌లు వేరు. మొదటి రోజు ఉదయం కౌంటర్‌లో ఎవరూ లాగిన్ కాలేకపోతున్నారంటే చాలామటుకు కారణం ఇదే అయి ఉంటుంది. రీస్టోర్ అయిన డేటాబేస్ తన పాత కంపాటిబిలిటీ లెవల్‌తోనే (ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పే సంఖ్య ఇది), అంటే మీ విషయంలో 110తోనే, నడుస్తుంది. దాన్ని వెంటనే పెంచకండి. 120 నుంచి సర్వర్ క్వెరీలను (డేటా కోసం సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలను) అంచనా వేసే తీరు మారింది. అరనిమిషంలో వచ్చే నెలవారీ రిపోర్టు ఐదు నిమిషాలు పట్టే అవకాశమూ ఉంది.

వెర్షన్ మార్చిన రోజే టీడీఈ కూడా పెట్టేయమని తొందరపెడతారు. ఒప్పుకోకండి. కనీసం రెండు వారాలు మామూలుగా నడవనివ్వండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేల్చడానికే వారం పడుతుంది.

టీడీఈ పెట్టడం చెప్పుకోవడానికి చిన్న పనే. సర్వర్ తన సొంత వివరాలు దాచుకునే మాస్టర్ డేటాబేస్‌లో ఒక మాస్టర్ కీ, దాని కింద ఒక సర్టిఫికెట్, మీ డేటాబేస్‌లో ఆ సర్టిఫికెట్‌తో భద్రపరిచిన ఒక ఎన్‌క్రిప్షన్ కీ తయారు చేసి, ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్‌ను ఆన్ చేస్తారు. అల్గారిథమ్ ఎంచుకోమంటే ఏఈఎస్ 256 తీసుకోండి. వెనుక సర్వర్ ఒక్కో పేజీనీ చదివి ఎన్‌క్రిప్ట్ చేసుకుంటూ పోతుంది. ఆ సమయంలోనూ ల్యాబ్ పని ఆగదు. 2019 నుంచి ఈ స్కాన్‌ను మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించవచ్చు కాబట్టి, పొద్దున రక్తపరీక్షల రద్దీలో ఆపి రాత్రికి తిరిగి మొదలుపెట్టమని చెప్పండి. స్థితిని చూపే పట్టికలో 2 కనిపిస్తే పని జరుగుతున్నట్టు, 3 కనిపిస్తే పూర్తయినట్టు.

ఈ మొత్తం వ్యవహారంలో మీరు స్వయంగా పక్కన కూర్చుని చూడవలసిన క్షణం ఒకటుంది. ఎన్‌క్రిప్షన్ కీ తయారు చేసినప్పుడు, సర్టిఫికెట్‌ను ఇంకా బ్యాకప్ తీయకపోతే, కింది గడిలో సర్వర్ ఒక హెచ్చరిక రాస్తుంది: ఈ సర్టిఫికెట్‌కు బ్యాకప్ లేదు, వెంటనే తీసుకోండి, లేకపోతే రేపు ఈ డేటాబేస్ తెరుచుకోదు అని దాని సారాంశం. అది తప్పు జరిగినట్టు చెప్పే సందేశం కాదు కాబట్టి పని ఆగదు. అందుకే చాలామంది చదవకుండానే ముందుకు పోతారు. మీరు ఆపించండి. సర్టిఫికెట్ ఒక ఫైలుగా, దాని ప్రైవేట్ కీ పాస్‌వర్డుతో మరో ఫైలుగా బయటికి తీయించండి. ఆ రెండు ఫైళ్లను రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి, ఒకటి బ్యాంకు లాకర్‌లో, ఒకటి ఇంట్లో పెట్టండి. పాస్‌వర్డును కాగితం మీద రాసి సీలువేసిన కవరులో మరోచోట ఉంచండి. రోజువారీ బ్యాకప్‌లు ఉండే డిస్క్‌లో మాత్రం వాటిని ఉంచవద్దు. బీరువాకు తాళం వేసి, చెవిని బీరువా నెత్తిన పెట్టే అలవాటు మన ఇళ్లలో ఎలాగూ ఉంది. సర్వర్ గదిలోకి దాన్ని తేవద్దు.

అంతటితో అయిపోదు. ఆ ఫైళ్లతో వేరే కంప్యూటర్‌లో, డెవలపర్ ఎడిషన్‌లో, నిన్నటి బ్యాకప్‌ను రీస్టోర్ చేసి చూపించమనండి. మీ కళ్లముందు అది తెరుచుకున్న తర్వాతే బిల్లు చెల్లించండి.

ఇంకొక్క మాట. టీడీఈ పెట్టకముందు తీసిన బ్యాకప్‌లన్నీ తాళం లేనివే. అలమరలో, పాత పెన్‌డ్రైవ్‌లలో, సాఫ్ట్‌వేర్ చూసేవారి ల్యాప్‌టాప్‌లో అవి ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. పాత సర్వర్‌ను పాత సామాన్లవాడికి అమ్మేముందు అందులోని హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి, లేదా డ్రిల్లుతో తూట్లు పొడిపించండి. ఫార్మాట్ చేశాం కదా అని వదిలేయడం ప్రమాదం.

ఈ ఏడాది ఖర్చు భరించలేమనుకుంటే, అందాకా సర్వర్ డ్రైవ్‌కు విండోస్‌లోని డిస్క్ ఎన్‌క్రిప్షన్ సదుపాయమైన బిట్‌లాకర్ పెట్టించి, బ్యాకప్ ఫైళ్లను బయటికి తీసే ముందు 7-జిప్‌లో పాస్‌వర్డుతో ఏఈఎస్ 256 ఎన్‌క్రిప్షన్ చేయించండి. బిట్‌లాకర్ డిస్క్ దొంగతనాన్ని ఆపుతుంది గానీ, అందులోంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసిన ఫైలుకు ఆ రక్షణ వెంట రాదు. అందుకే రెండూ కావాలి.

ప్రశ్న: మాది హోల్‌సేల్ వస్త్ర దుకాణం. రెండేళ్ల కిందట ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019కి మారి టీడీఈ పెట్టించుకున్నాం. ఆ పని చేసిన వ్యక్తి ఇప్పుడు అందుబాటులో లేరు. గత నెల కరెంటు హెచ్చుతగ్గులకు సర్వర్ మదర్‌బోర్డు కాలిపోయింది. రోజువారీ బ్యాకప్‌లు బయటి హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేయబోతే సర్టిఫికెట్ కనిపించలేదని, తప్పు సంఖ్య 33111 అని వస్తోంది. సర్టిఫికెట్ అంటే ఏమిటో కూడా మాకు తెలియదు.
— అకౌంటెంట్, చీరాల

జవాబు: పై ఉత్తరంలో నేను భయపడిన సంఘటన మీకు జరిగిపోయింది. అయినా ఆశ వదులుకోకండి. మీ ఉత్తరంలో ఒక మంచి మాట ఉంది. కాలింది మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ కాదు.

పెట్టెలో పెట్టె పెట్టినట్టుగా టీడీఈలో తాళాలు ఒకదానిలో ఒకటి ఉంటాయి. డేటాను మూసిన కీ మీ బ్యాకప్‌లోనే ఉంది, కానీ దాన్ని తెరిచేది సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ప్రైవేట్ కీ పాత సర్వర్‌లోని మాస్టర్ డేటాబేస్‌లో ఉంది. దాన్ని తెరిచేది అక్కడి మాస్టర్ కీ, దాన్ని తెరిచేది సర్వీస్ మాస్టర్ కీ, ఈ చివరిదాన్ని ఆ యంత్రంలోని విండోస్ తన రహస్యాలతో కాపాడుతుంది. మీ రోజువారీ బ్యాకప్‌లో దుకాణం డేటాబేస్ మాత్రమే ఉండటంతో ఈ గొలుసులో మొదటి కొక్కెం మాత్రమే మీ చేతిలో ఉంది. డేటా ఫైళ్లను నేరుగా కొత్త సర్వర్‌కు తగిలించినా ఇదే తప్పు వస్తుంది.

చేయవలసింది ఇది. పాత సర్వర్ డిస్క్‌ను ఎవరూ ఫార్మాట్ చేయకుండా, అందులో ఏదీ రాయకుండా, పూర్తి నకలు తీయించండి. ఆ నకలును వర్చువల్ మెషీన్‌గా గానీ, అలాంటి మరో యంత్రంలో గానీ బూట్ చేయించండి. పాత విండోస్, పాత ఎస్‌క్యూఎల్ సర్వర్ కలిసి ఉన్నవి ఉన్నట్టుగా లేస్తే గొలుసంతా తిరిగి కలుస్తుంది. లేచిన వెంటనే సర్టిఫికెట్‌నూ ప్రైవేట్ కీనీ ఫైళ్లుగా బయటికి తీయించి, కొత్త సర్వర్‌లో పెట్టి, అప్పుడు బ్యాకప్‌ను రీస్టోర్ చేయండి. విండోస్ అసలు లేవకపోతే రెండో దారి ఉంది: మాస్టర్ డేటాబేస్ బ్యాకప్ ఎక్కడైనా ఉండి, అప్పట్లో మాస్టర్ కీకి పెట్టిన పాస్‌వర్డు దొరికితే, సరిగ్గా అదే వెర్షన్, అదే బిల్డ్ (ప్యాచ్‌ల స్థాయి) ఉన్న వేరే సర్వర్‌లో దాన్ని రీస్టోర్ చేసి, పాస్‌వర్డుతో మాస్టర్ కీని తెరవవచ్చు. పని చేసిన వ్యక్తి పంపిన పాత ఈమెయిళ్లు, బిల్లు వెనుక రాసిన గమనికలు, పాత స్క్రిప్ట్ ఫైళ్లు అన్నీ వెతకండి. కీ తయారు చేసిన స్క్రిప్ట్‌లో ఆ పాస్‌వర్డు మామూలు అక్షరాల్లోనే ఉంటుంది.

ఈ రెండు దారులూ మూసుకుపోతే మూడోది లేదు. బ్యాకప్‌ను బద్దలుకొట్టి డేటా తీసిస్తామని అడ్వాన్సు అడిగేవారు ఎదురైతే పైసా ఇవ్వకండి. టీడీఈకి ముందు తీసిన పాత బ్యాకప్ ఉంటే దాన్ని రీస్టోర్ చేసుకుని, ఆ తర్వాతి లెక్కలను బిల్లు పుస్తకాల నుంచీ, జీఎస్‌టీ రిటర్న్‌ల నుంచీ ఎక్కించుకోవలసిందే.

ప్రశ్న: జూనియర్ కళాశాలలో ఫీజులు, మార్కుల వ్యవహారం చూసే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ నేనే రాశాను. కింద మైఎస్‌క్యూఎల్ 5.6 డేటాబేస్ ఉంది. ఎన్‌క్రిప్షన్ కోసం 8.4కు మారాలనుకుంటున్నాను. విద్యార్థుల పేర్లు తెలుగులో కూడా ఉన్నాయి. ఏమేం చూసుకోవాలి?
— కంప్యూటర్ లెక్చరర్, వరంగల్

జవాబు: ఎన్‌క్రిప్షన్ ఒక్కటే లక్ష్యమైతే అది 5.7.11లోనే ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లోకి వచ్చేసింది. అయితే 5.7కు మద్దతు 2023 అక్టోబరులో ముగిసింది కాబట్టి ఆగేది 8.4 దగ్గరే ఆగండి. ఉన్న సర్వర్ మీదే మారేటట్టయితే 5.6 నుంచి 5.7కు, అక్కడి నుంచి 8.0కు, ఆ తర్వాత 8.4కు మెట్లు దిగినట్టే వెళ్లాలి. ఒకేసారి దూకడానికి వీల్లేదు.

మీ కళాశాలకు ప్రత్యేకంగా రెండు చిక్కులు ఎదురుకావచ్చు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీలను దాచిన పట్టికకు మీరు ‘గ్రూప్స్’ అనీ, ఎంసెట్ ర్యాంకును దాచిన కాలమ్‌కు ‘ర్యాంక్’ అనీ ఇంగ్లీషులో పేరు పెట్టి ఉంటారని నా అనుమానం. ఆ రెండు మాటలూ 8.0 నుంచి మైఎస్‌క్యూఎల్ తన సొంతానికి కేటాయించుకుంది. పేర్లను బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య రాయకపోతే నిన్నటిదాకా నడిచిన క్వెరీ సింటాక్స్ తప్పంటుంది. 5.7కు చేరాక మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని అప్‌గ్రేడ్ చెకర్‌ను నడిపితే పట్టికల్లోని ఇలాంటి పేర్లను చూపిస్తుంది. పీహెచ్‌పీ ఫైళ్లలో మీరే వెతుక్కోవాలి.

రెండోది తెలుగు. పాత పట్టికల్లో కాలమ్‌ను రోమన్ అక్షరాల పద్ధతి అయిన లాటిన్1గా ప్రకటించి, అందులో యూనికోడ్ పద్ధతి యూటీఎఫ్-8లో రాసిన తెలుగును దాచిన సాఫ్ట్‌వేర్లు మన దగ్గర బోలెడు. రెండువైపులా ఒకే పొరపాటు జరుగుతున్నంతకాలం తెలుగు చక్కగానే కనిపిస్తుంది. డంప్ (డేటా అంతటి టెక్స్ట్ నకలు) తీసి కొత్త వెర్షన్‌లో ఎక్కించగానే గుట్టు బయటపడుతుంది: ప్రతి తెలుగు అక్షరం చోటా నెత్తిన గీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన ఉష్ణోగ్రతకు వేసే డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ వరుసలు కడతాయి. అలా కనిపించిందంటే డేటా చెడిపోలేదు, చదివే పద్ధతి తప్పింది. పాత సర్వర్‌లోనే ఆ కాలమ్‌ను ముందు బైనరీ రకానికి మార్చి, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4కు మార్చండి. నేరుగా మార్చితే తప్పు శాశ్వతమవుతుంది. ఒక నకలు పట్టిక మీద చేసి చూశాకే అసలుదాని జోలికి వెళ్లండి.

పీహెచ్‌పీ పాతదైతే మైఎస్‌క్యూఎల్ 8.4కు కనెక్ట్ కాదు. లాగిన్ పద్ధతి మారింది. పీహెచ్‌పీ 7.4 లేదా ఆ తర్వాతిది ఉండాలి.

ఇక ఎన్‌క్రిప్షన్. ఇది ఇన్నోడీబీ అనే రకం పట్టికలకే వర్తిస్తుంది. పాత మైఐశామ్ రకం పట్టికలుంటే ముందు వాటిని మార్చుకోవాలి. పట్టికకు ఎన్‌క్రిప్షన్ పెట్టినప్పుడు అది మొత్తంగా మళ్లీ రాయబడుతుంది కాబట్టి ఫీజుల గడువు రోజుల్లో ఆ పని పెట్టుకోకండి. మార్పులను నమోదు చేసుకునే రీడూ, అన్‌డూ లాగ్‌లకూ, బైనరీ లాగ్‌కూ వేర్వేరుగా ఆన్ చేయాలి. బైనరీ లాగ్‌ను మరిచిపోతే మీరు మూసిపెట్టిన మార్పులన్నీ అక్కడ తెరిచే ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో తీసే బ్యాకప్ మామూలు టెక్స్ట్‌గానే బయటికి వస్తుంది, దాన్ని విడిగా ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఇక్కడ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కూ దీనికీ తేడా గమనించండి. ఉచిత ఎడిషన్‌లో కీలను భద్రపరిచే కీరింగ్ అనే భాగం కీని అదే సర్వర్‌లో ఒక మామూలు ఫైలుగా దాస్తుంది. డిస్క్ ఎత్తుకుపోయినవాడికి కీ కూడా వెంట వెళుతుంది. కాబట్టి ఆ ఫైలును డేటా డిస్క్ మీద కాకుండా వేరే చోట ఉంచి, దానికి విడిగా బ్యాకప్ తీసుకుంటేనే ఈ శ్రమకు అర్థం ఉంటుంది.

ప్రశ్న: మేం పోస్ట్‌గ్రెస్ 12 డేటాబేస్ వాడుతున్నాం. కొత్త వెర్షన్‌కు మారితే టీడీఈ వస్తుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాదు. అందరికీ ఉచితంగా దొరికే అసలు పోస్ట్‌గ్రెస్‌లో ఈ సదుపాయం లేదు. కొన్ని సంస్థలు తమ సొంత పంపిణీల్లో దాన్ని చేర్చి ఇస్తున్నాయి. లినక్స్‌లో డిస్క్‌కు లక్స్ ఎన్‌క్రిప్షన్, ఒకటి రెండు కాలమ్‌లకు పోస్ట్‌గ్రెస్ అదనపు భాగమైన పీజీక్రిప్టో వాడుకోవచ్చు. అయితే 12వ వెర్షన్‌కు మద్దతు 2024 నవంబరులోనే ముగిసింది కాబట్టి, టీడీఈ రాకపోయినా మారవలసిందే.

ప్రశ్న: మా చిట్‌ఫండ్ ఆఫీసులో సభ్యుల పాన్, ఆధార్ నంబర్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019లో ఉన్నాయి. టీడీఈ పెట్టాం. అయినా డేటాబేస్ చూసే ఉద్యోగికి ఆ నంబర్లు కనిపిస్తున్నాయి. ఆయనకు కూడా కనిపించకుండా చేయవచ్చా?
— మేనేజర్, విజయవాడ

జవాబు: చేయవచ్చు, కానీ అది టీడీఈ పని కాదు. ఆల్వేస్ ఎన్‌క్రిప్టెడ్ అనే వేరే సదుపాయం ఉంది. 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి అన్ని ఎడిషన్లలోనూ దొరుకుతుంది. ఇందులో కీ సర్వర్ చేతికి రాదు, మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ దగ్గరే ఉంటుంది. డేటాబేస్ చూసే ఉద్యోగి పట్టిక తెరిచినా ఆయనకు పొడవైన అంకెల, అక్షరాల గుత్తే కనిపిస్తుంది. అయితే ఆ కీ ఉన్న కంప్యూటర్లకూ ఆయనే అడ్మినిస్ట్రేటర్ అయితే లాభం లేదు. ఆ రెండు పనులూ ఇద్దరికి పంచండి.

దీనికి సాఫ్ట్‌వేర్‌లో మార్పులు తప్పవు. పూర్తి నంబరు ఇచ్చి వెతకడం వీలవుతుంది గానీ, మొదటి నాలుగంకెలు కొట్టి వెతికే మీ పాత అలవాటు సాగదు. మార్పులు చేయించే ముందు మీ ఫారాలను ఒకసారి తిరగేసి, ఆధార్ నంబరును ఏ పనికి వాడుతున్నారో చూడండి. చేర్చుకునేటప్పుడు సరిచూసుకోవడానికి తప్ప ఇంకెక్కడా అవసరం లేదని తేలితే, చివరి నాలుగంకెలు మాత్రం ఉంచి ఆ కాలమ్‌ను ఖాళీ చేయించండి. పాత బ్యాకప్‌లలో పూర్తి నంబర్లు ఇంకా ఉంటాయి కాబట్టి, ఎన్నాళ్ల బ్యాకప్‌లు దాచాలో మీ ఆడిటర్‌ను అడిగి, గడువు దాటినవాటిని ఆ వారంలోనే తీసేయండి.